ఎర్రిస్వామి సార్ తీసేసిన వాక్యం

కవరు చించగానే తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా మూడు. లోపలి కాగితాలు ఇరవై ఏళ్లకు పైబడినవి. అంచులు పసుపెక్కాయి. మడతల్లో ఇరుక్కున్న నస్యం పొడి మాత్రం ఘాటు చావకుండా ఉంది. పంపినది ఎర్రిస్వామి సార్ కూతురు. "మా నాయన పోయి ఏడాదైంది. బీరువా సర్దుతాంటే మీ పేరు రాసిన ఫైలు దొరికింది. పారేయబుద్ధి కాలేదు" అని చిన్న చీటీ పెట్టి అనంతపురం నుంచి కొరియర్ చేసింది. ఆ వాసనకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నస్యం వల్లనో మరి దేనివల్లనో చెప్పలేను. ఈ మనిషి విషయంలో నాకు ఏదీ ఎప్పుడూ స్పష్టంగా తెలిసి చావలేదు.

నేను కంప్యూటర్ గైడ్లు రాసి బతుకుతున్నదాన్ని. ఇక్కడ నొక్కండి, అక్కడ తెరవండి, ఇది రాకపోతే అది చేయండి. పేపర్లో వారం వారం శీర్షికగా మొదలై, పత్రికలకు పాకి, పుస్తకాలయింది. కథలు రాసేవాళ్లు నన్ను రచయిత అనరు, కంప్యూటర్ వాళ్లు నన్ను ఇంజనీర్ అనరు. రెండింటికీ చెడ్డాననే బాధ నాకేం లేదు. అయితే ఈ పని నాకు నేర్పిన మనిషి కంప్యూటర్ మీద తనంతట తానుగా పనిచేయడం నేను ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారి నేను చూసినది నిజమేనా అని ఇప్పటికీ అనుమానమే.

తొంభైల చివర్లో, కంప్యూటర్ డిప్లొమా కాగితం చేతబట్టుకుని, అనంతపురం టవర్‌క్లాక్ పక్క వీధిలో ఒక దినపత్రిక జిల్లా ఆఫీసులో టైపు చేసే ఉద్యోగానికి చేరాను. మేడ మీద రెండు గదులు, మూడు కంప్యూటర్లు, వాటి మీద ఎప్పుడూ సన్నని ఎర్ర దుమ్ము. వారానికోసారి వచ్చే ప్రత్యేక పేజీ చూసేది ఎర్రిస్వామి సార్. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, జేబు దగ్గర నస్యం మరక. చేరిన నెలకు నన్ను పిలిచి, "ఏమ్మా నాగరత్నా, ఈ కంప్యూటరు సంగతి జనాలకు అర్థమయ్యేట్టు వారం వారం రాస్తావా?" అన్నాడు. నాకు ఒళ్లు తెలియలేదు. ఆ రాత్రికే పెద్ద పెద్ద మాటలతో నాలుగు పేజీలు నింపేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆయన తన కుర్చీ లాక్కుని నా కంప్యూటర్ ముందు కూర్చుని, "చదువు. నువ్వు చెప్పినట్టు చేస్తా. నాకేం తెలీదనుకో" అన్నాడు.

"స్టార్ట్ బటన్ నొక్కండి" అని చదివాను.

"యాడుండాది?"

"ఎడమపక్క, కింద, సార్."

"ఆ మాట కాగితం మీద ఉండాదా?"

"లేదు సార్. చూస్తే కనిపిస్తుంది కదా."

"నీకు కనిపిస్తాది. గార్లదిన్నెలో పేపరు చదివేటోని పక్కన నువ్వు కూర్చోని ఉండవు కదమ్మా. మళ్ల రాయి."

అలా మొదలైంది ఆ తతంగం. నేను చేత్తో రాయాలి, ఆయనకు చదివి వినిపించాలి, ఆయన ఎర్ర పెన్నుతో గీతలు పెట్టాలి, నేను దిద్దుకుని టైపు చేయాలి. మౌస్ కదపండి అంటే మౌస్‌ను గాల్లోకి ఎత్తి అటూ ఇటూ ఊపేవాడు. "కదపమన్నావు, కదిపినా." రెండుసార్లు నొక్కండి అంటే ఒకసారి నొక్కి, డబ్బీ తీసి, తీరిగ్గా నస్యం పీల్చి, ముక్కు తుడుచుకుని రెండోసారి నొక్కేవాడు. "రెండుసార్లు అయింది. ఏం కాలేదే?" నాకు తిక్క రేగేది. వెంటవెంటనే అని రాసుకునేదాన్ని. ఒక పేజీ పూర్తయ్యేసరికి నా ఓపిక ఆవిరైపోయేది. బాగుందని ఒక్కనాడూ అనలేదు. అర్థమైంది అనేవాడు, అంతే. ఆ మాట రావడానికి ఒక్కోసారి నాలుగు సార్లు తిరగరాయాల్సి వచ్చేది.

ఈయన నిజంగానే ఏమీ తెలియనివాడా, నన్ను ఆటపట్టిస్తున్నాడా అన్నది నాకు పెద్ద చిక్కుముడి. ఒకరోజు భోజనానికి వెళ్లి తొందరగా తిరిగొచ్చాను. తలుపు ఓరగా ఉంది. ఆయన నా కంప్యూటర్ ముందు కూర్చుని రెండు చేతులతో టకటకా ఏదో చేస్తున్నాడు. తెర మీద కిటికీలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నా చెప్పుల చప్పుడు విని లేచి, పక్కనున్న గుడ్డ తీసి కంప్యూటర్ మీద కప్పాడు. "దుమ్ము పడతాండాది" అన్నాడు. తర్వాతి వారం మళ్లీ మామూలే. "మౌసంటే ఇదేనా?" ఉండబట్టలేక అడిగేశాను. "సార్, మీకు కంప్యూటర్ వచ్చు కదా?" ఆయన డబ్బీ మూత బిగిస్తూ, "వస్తే నీతో పనేముండాదిమ్మా?" అన్నాడు. అది ఔననడమో కాదనడమో నాకు తెలియలేదు. నేను చూసినది ఎండలో నడిచొచ్చిన కళ్లకు తోచిన భ్రమేమో అని కూడా అనుకున్నాను.

ఇక ఆ ఫ్లాపీ వారం. ఇప్పటి పిల్లలకు ఫ్లాపీ అంటే చెప్పాలి. అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ బిళ్ల. మనం టైపు చేసినది అందులో దాచుకుని వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లేవాళ్లం. మా ఊరి దుమ్ముకు అవి తరచూ మొరాయించేవి. "మొండికేసిన ఫ్లాపీని దారికి తేవడం ఎలా" అని నేను ఒక గైడు రాశాను. ఫార్మాట్ అనే పని చేస్తే ఫ్లాపీ మళ్లీ కొత్తదానిలా అవుతుందని రాసి, ఎక్కడ నొక్కాలో వరసగా ఇచ్చాను. ఆ వారం చదివి వినిపించే తతంగం జరగలేదు. తొలకరి పడి వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతున్నారని, ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని సార్ పొద్దున్నే బయలుదేరాడు. నా కాగితాలు దిద్ది టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. ఒక్క వారమైనా ఆయన ప్రశ్నలు తప్పాయి కదా అని నాకు హాయిగా ఉంది. మధ్యాహ్నానికి పేజీ వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత ఒకాయన మేడ మెట్లెక్కి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎండకు మాడిన మొహం. పేరు వన్నూరప్ప, ఊరు గార్లదిన్నె అవతల ఒక పల్లె. చేతిలో పేపర్ కత్తిరింపు, ప్లాస్టిక్ కవర్లో ఒక ఫ్లాపీ. రెండూ నా టేబుల్ మీద పెట్టాడు.

"మీరు రాసినట్టే చేసినా తల్లీ. కొత్తదాని మాదిరి అవుతాదని రాసినారు. కొత్తదాని మాదిరే అయింది. దాంట్లో ఏమీ లేదు."

నేను ముందు ఆయన మీదే విసుక్కున్నాను. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుందని తెలియదా అన్నాను. "తెలిస్తే మీ పేపరు చూసుకుంటా ఏంటికి చేస్తాం?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది.

అందులో ఏముండేదో ఆయన నెమ్మదిగా చెప్పాడు. చిన్నప్పటి నుంచి బోరు రిగ్గు లారీ మీద పనిచేశాడట. ఎండిన బోర్లు చూసీ చూసీ మనసు విరిగి ఆ పని మానేశాడు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లలో ఏ చేనులో ఏ మూల బోరు వేస్తే ఎన్ని అడుగులకు ఏం తగిలింది, రాయా, పొడా, చెమ్మా, నీళ్లా అని రాసి పెట్టడం మొదలుపెట్టాడు. బీడీ కట్టల కాగితాల మీద, క్యాలెండర్ వెనుక, ఎక్కడ పడితే అక్కడ. బోరు వేయాలనుకున్న రైతు ముందు వన్నూరప్పను అడిగేవాడు. ఫలానా గట్టు పక్క ముగ్గురు వేసి ముగ్గురూ మట్టి కొట్టుకుపోయారప్పా, అక్కడ వద్దు అని ఆయన చెప్పేవాడు. ఒక్క ఎండు బోరు ఒక సంసారాన్ని ఊరు దాటించే నేల మాది. ఆ చీటీలన్నీ, అనంతపురం వచ్చినప్పుడల్లా ఒక కంప్యూటర్ సెంటర్లో గంట కూర్చుని, ఒంటి వేలితో ఫ్లాపీలోకి ఎక్కించాడు. మూడేళ్లు పట్టిందట.

"చీటీలు ఉన్నాయి కదా?" అని అడిగాను. ఆశ కొద్దీ.

"కంప్యూటర్లో ఎక్కినాక కాగితాలతో పనేముందిలే అని నీళ్లు కాగబెట్టే పొయ్యిలో వేసేసినా."

ఎర్రిస్వామి సార్ అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. ముందుకొచ్చి కత్తిరింపు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఉన్నదంతా పోతుంది, ముందే వేరేచోట దాచుకోండి అనే హెచ్చరిక అందులో ఎక్కడా లేదు. ఆయన నా వైపు చూడలేదు. వన్నూరప్పతోనే అన్నాడు. "ఆ మాట ఉన్నిందప్పా. పేజీలో జాగా చాలక నేనే తీయించినా. తప్పు నాది. ఈ పాపది కాదు."

గుండె మీది బండ ఎవరో దించినట్టయింది. అంతకంటే విచిత్రం, ఆయన ఆ మాట అనగానే నేను ఆ వాక్యం రాసినట్టు నాకు గుర్తొచ్చేసింది. మూడో పేరా చివర, జాగ్రత్త అన్న మాట కింద గీత గీసి మరీ రాశాను. అక్షరాలతో సహా కళ్లకు కట్టింది. వజ్రకరూరులో ఉన్న మనిషి పేజీలో వాక్యం ఎలా తీయించాడా అన్న సందేహం ఒక్క క్షణం తగిలింది. ఫోన్లో చెప్పి ఉంటాడులే అనుకుని దాన్ని అవతలికి నెట్టేశాను.

తర్వాతి వారం పేపర్లో సవరణ వచ్చింది, తప్పు పేజీ బాధ్యుడిదని. ఆ ఆదివారం నుంచి సార్ నన్ను వెంటబెట్టుకుని వన్నూరప్ప తిరిగిన పల్లెలకు బయలుదేరాడు. వాన మొహం చాటేస్తే శనక్కాయ పంట కాపాడుకోవడానికి జనం నెల తిరిగేలోపే రిగ్గు లారీలు పిలుస్తారు. ఈలోగా ఆ లిస్టు మళ్లీ తయారు కావాలి. గార్లదిన్నె నుంచి శింగనమల చెరువు దాకా బస్సులో, బస్సు లేనిచోట నడక. వన్నూరప్ప చేను చూపిస్తాడు, సార్ అడుగుతాడు, నేను రాస్తాను. కార్బన్ పేపర్ పెట్టి రెండు కాపీలు రాయాలి, ఒకటి అక్కడికక్కడే వన్నూరప్ప చేతికివ్వాలి. ఇది సార్ నియమం. ఒకచోట ఎండిన బోరు గొట్టం మీద రాయి కప్పి, ఆ రాయి మీదే కూర్చుని ఒకావిడ కంది బేడలు చెరుగుతోంది.

"ఎన్ని అడుగులు వేసినారమ్మా?" అని సార్ అడిగాడు.

"ఇప్పుడేంటికప్పా? నీళ్లేమన్నా వచ్చినాయా ఏం?"

"మా పేపర్లో నేను చేసిన తప్పుకు ఈయన రాసుకున్నదంతా పోయింది. మళ్ల రాసుకుంటాండాం."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసి, రాయి మీది నుంచి లేచి, అడుగులు చెప్పింది. నాలుగు వందల యాభై. మూడు వందల దగ్గర కాస్త చెమ్మ, ఆ తర్వాత పొడి. నేను రాశాను. చాలా ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయి, బెంగళూరుకు కూలికి పోయారు. ఆ చేల సంగతి చెప్పేవాళ్లు లేరు.

నాలుగో ఆదివారం వన్నూరప్ప బస్టాండులో దిగులుగా కనిపించాడు. శింగనమల వైపు ఒక రైతు ఆ వారమే బోరు వేశాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. "ఆ చేను పక్కన రెండు ఎండినాయని నా లిస్టులో ఉన్నింది సార్. వాడు వచ్చి అడిగినాడు. నాకు గుర్తు రాలేదు. వేసుకో పో అన్నా." ఆ రైతు అప్పటికే పెండ్లాం బిడ్డలను తీసుకుని బెంగళూరు బస్సెక్కాడు. తిరుగు బస్సులో సార్ కిటికీ పక్కన కూర్చుని డబ్బీ తెరవడం, పీల్చకుండానే మూయడం. నాకు ఆ రైతు మీద జాలి, దాని వెంటే సార్ మీద మంట. అప్పుడన్నాను ఆ మాట.

"ఆ ఒక్క వాక్యం మీరు తీయకుండా ఉంటే ఇంత జరిగేది కాదు సార్."

ఆయన నా వైపు తిరిగి చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోతున్నాడనుకున్నాను. "ఔనమ్మా" అన్నాడు. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

పోయినదాంట్లో ముప్పాతిక భాగం తిరిగి రాబట్టాం. నేను టైపు చేసి మూడు ఫ్లాపీల్లో దాచి ఇచ్చాను. ఈలోగా హెడ్డాఫీసు సార్‌కు మెమో పంపి, ప్రత్యేక పేజీ తీసేసుకుని, మండల వార్తలు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ బల్ల కిటికీకి దూరంగా, మరుగుదొడ్డి గోడకు ఆనుకుని ఉండేది. నా శీర్షిక మాత్రం సాగింది. ఆయనకు చదివి వినిపించే అవసరం లేకపోయినా పాత అలవాటు కొద్దీ ఒక్కోసారి వెళ్లి వినిపించేదాన్ని. ఆయన గాల్లో వేలితో నొక్కుతూ వినేవాడు. రెండువేల సంవత్సరం దాటాక నాకు హైదరాబాద్‌లో కంప్యూటర్ పత్రికలో ఉద్యోగం వచ్చింది. వెళ్లొస్తానని చెబితే, "ఆడ చదివేటోళ్లు తెలివైనోళ్లుంటారు, జాగ్రత్త. తెలివైనోళ్లకు రాయడం సులభమని అనుకోవద్దు" అన్నాడు. అర్థం కాకపోయినా తలూపాను.

నా మొదటి పుస్తకానికి ముందుమాటలో ఈ కథ రాశాను. ఒక సంపాదకుడు జాగా కోసం ఒక్క వాక్యం కోసేస్తే ఒక పల్లె మనిషి మూడేళ్ల కష్టం ఎలా మట్టిపాలైందో, అందుకే నా ప్రతి గైడులో హెచ్చరికే మొదటి మెట్టుగా ఎందుకు ఉంటుందో. పేరు రాయలేదు, అది నా పెద్దమనసు అనుకున్నాను. అక్కడితో ఆగక ఆయనకు ఒక కాపీ పంపాను. పోస్టుకార్డు వచ్చింది. "పుస్తకం అందింది. ముందుమాట చదివినా. మూడో పాఠంలో ఐదో మెట్టు అర్థం కాలేదు. మళ్ల రాయి." అంతే. ముందుమాట గురించి ఒక్క అక్షరం లేదు. నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. నొచ్చుకోనీ, నిజమే కదా అని కూడా అనుకున్నాను.

ఈ పొద్దు కవర్లో వచ్చిన కాగితాల్లో అన్నిటికంటే అడుగున ఉంది ఆ ఫ్లాపీ గైడు. నా చేతిరాత, నీలం సిరా. నేరుగా మూడో పేరా చివరకు వెళ్లాను. అక్కడ ఏమీ లేదు. ముందూ వెనుకా తిప్పి రెండుసార్లు చదివాను. నేను ఏ హెచ్చరికా రాయలేదు. పక్కన ఖాళీలో ఎర్ర పెన్నుతో, బాణం గుర్తు వేసి, ఆయన రాత ఉంది. "ఇది చేస్తే ఫ్లాపీలో ఉన్నదంతా పోతాది కదా? ఈ మాట చేర్చు. జాగ్రత్త: అవసరమైనది ముందే వేరేచోట దాచుకోండి." జాగ్రత్త కింద గీత. ఇన్నేళ్లుగా నా కళ్ల ముందు మెదులుతున్న గీత. అంటే ఎప్పుడో ఒక క్షణం నేను ఈ కాగితాన్ని చూశాను, చూసి వదిలేశాను. ముందురోజు సాయంత్రమే టైపు చేసి పెట్టుకున్నదాన్ని మళ్లీ తెరవడం బద్ధకమై, ఆ ఎర్ర గీతల మీది విసుగు కొద్దీ, అలాగే పేజీకి ఇచ్చేసి ఉంటాను. గుర్తు లేదు. గుర్తున్నదంతా ఆయన నాకోసం కల్పించి ఇచ్చినది.

ఎందుకు చేశాడు? నా ఉద్యోగం పోతుందనా? అచ్చుకు ముందు పేజీ చూడవలసినవాడు తాను కాబట్టి తప్పు తనదేనని నిజంగానే నమ్మాడా? దాచాలనుకుంటే ఈ కాగితం చింపేయొచ్చు. చెప్పాలనుకుంటే ఆ బస్సులో చెప్పొచ్చు, పోస్టుకార్డులో రాయొచ్చు. రెండూ చేయకుండా నా పేరు రాసిన ఫైల్లో పెట్టి బీరువాలో ఎందుకు ఉంచాడు? పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. సిగ్గుగా ఉంది. ఆ బస్సులో ఆయన నా వైపు చూసిన చూపు ఇన్నాళ్లూ తప్పు చేసినవాడి చూపనుకున్నాను.

పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారు. ప్రెస్సు వాళ్లు ముందుమాటలో మార్పులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఆ పేరాలో సంపాదకుడు కోసేశాడన్న మాట కొట్టేసి, అక్కడ ఆయన పేరుతో రెండు వాక్యాలు రాశాను. "ఆ హెచ్చరిక ఎర్రిస్వామి సార్ రాశారు. నేను చూడకుండా వదిలేశాను." పైకి చదివాను, ఆయనకు వినిపించినట్టే, నెమ్మదిగా. ఎక్కడా మెట్టు తప్పలేదనే అనుకుంటున్నాను. అయినా కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది, పంపలేకపోతున్నాను. అర్థమైంది అని చెప్పే మనిషి ఎదుటి కుర్చీలో లేడు.